సగం కొండ ఎక్కించే మోటారు

"పాత 14 అడుగుల ఫైబర్ బోటు ఒకటి చేతికొచ్చిందండీ. మోటారు లేదు. 5 హెచ్‌పీ చాలదంటున్నారు, 25 మరీ ఎక్కువంటున్నారు, మధ్యస్తంగా ఒక 10 పెట్టేస్తే సరిపోతుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆయన వద్దనుకున్న ఆ 5, 25 రెండూ ఒక్కో పనికి బాగానే పనికొస్తాయి. ఆయన బోటులో ముగ్గురు ఎక్కితే మాత్రం, డబ్బు పెట్టి తెచ్చిన పెట్రోలు ఎక్కువగా వృథా అయ్యేది ఆ మధ్యలోని 10తోనే. ఎందుకో తెలియాలంటే మోటారును కాసేపు మర్చిపోయి బోటు పక్కన నీళ్ళను చూడాలి.

మెల్లగా వెళ్తున్న బోటు అంచు మీంచి తొంగి చూడండి. ముక్కు దగ్గర నీళ్ళు ఉబ్బుతాయి, తర్వాత పల్లం, మళ్ళీ ఉబ్బు, మళ్ళీ పల్లం, ఇలా బోటు పొడవునా చిన్న చిన్న అలలు కనిపిస్తాయి. అవి బోటు పుట్టించినవే, బోటుతో సమానమైన వేగంతో పక్కనే ప్రయాణిస్తుంటాయి. లోతైన నీటిలో అల వేగానికీ దాని పొడవుకీ ఒక కచ్చితమైన లెక్క ఉంది: శిఖరం నుంచి శిఖరానికి ఉన్న దూరాన్ని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.5తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 1 మీటరు అల 4.5 కిలోమీటర్ల వేగంతో పోతుంది, 4 మీటర్ల అల 9 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే మన బోటు నీటిని తాకే పొడవు 4 మీటర్లనుకుంటే, గంటకు 4.5 కిలోమీటర్ల దగ్గర దాని పక్కన నాలుగు అలలు లెక్కపెట్టొచ్చు. వేగం పెంచుతూ పోతే అలలు సాగుతాయి, మూడవుతాయి, రెండవుతాయి, సరిగ్గా 9 కిలోమీటర్లకు ఒకటే మిగులుతుంది. ముక్కు కింద ఒక శిఖరం, వెనక ఇంకో శిఖరం, నడుమ పల్లం, ఆ పల్లంలో బోటు.

ఇప్పుడు ఇంకొంచెం యాక్సిలరేటర్ ఇవ్వండి. అల ఇంకా సాగుతుంది, కానీ బోటు సాగదు కదా! రెండో శిఖరం బోటును దాటి వెనక్కి పోతుంది, వెనక భాగానికి కింద నుంచి ఆసరా పోతుంది, అది పల్లంలోకి దిగబడుతుంది, ముక్కు పైకి లేస్తుంది. బోటు తానే చేసిన నీటి కొండను తానే ఎక్కుతోందన్నమాట. పైగా కొండ కూడా బోటుతో పాటే ముందుకు కదులుతుంది కాబట్టి, ఊరికే ఓపిగ్గా కూర్చుంటే ఆ ఎక్కుడు ఎప్పటికీ పూర్తికాదు. ఈ విషయం నాకు మొదటిసారి అర్థమైనప్పుడు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. మనకు చదువు చెప్పేటప్పుడు 'వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు, పవర్ ఎనిమిది రెట్లు' అని చెప్పి వదిలేస్తారు. నీటి మీద ఆ సూత్రం సగమే నిజం, ఎందుకంటే అది రాపిడి లెక్క, అందులో అలల సంగతి లేదు. విలియం ఫ్రౌడ్ అనే ఇంజనీరు 1870లలో ఇంగ్లండులోని టార్కీలో ఒక పొడవాటి నీటి తొట్టి కట్టించి, అందులో చిన్న నమూనా ఓడలను లాగి ఈ రెండింటినీ విడదీసి లెక్కించాడు. పిల్లలకు ఒక తొట్టి, ఒక చెక్కముక్క ఇచ్చి లాగి చూడమంటే ఇదంతా పావుగంటలో కళ్ళకు కడుతుంది.

కొండ అన్నాను కాబట్టి దాని వాలు కూడా లెక్కేద్దాం. బోటు 200 కిలోలు, మోటారు 50, పెట్రోలు 20, ముగ్గురు మనుషులు 225, మొత్తం దగ్గర దగ్గర 500 కిలోలు. ముక్కు 7 డిగ్రీలు లేచిందనుకోండి, ఆ వాలు ఒక్కటే 61 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది, నీటి రాపిడి దానికి అదనం. అదే బోటు కొండ దాటి, నీటిని చీల్చుకుంటూ కాక నీటి మీద జారుతూ పోయే స్థితికి వచ్చి (దీన్నే ప్లేనింగ్ అంటారు) ముక్కు 3 డిగ్రీలకు దిగితే ఆ లాగుడు 26 కిలోలే. అందుకే కొండ దాటిన క్షణంలో బోటు ఒక్కసారిగా ముందుకు దూకినట్టనిపిస్తుంది, మీరు యాక్సిలరేటర్ తగ్గించినా వేగం పడిపోదు.

10 హెచ్‌పీ మోటారు ఇరుక్కునేది ఈ వాలు మీదే. దాని దురదృష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది. ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు జరగాలో ఆ దూరం, మామూలుగా కొండ దాటాక వచ్చే వేగానికి తగ్గట్టు పెట్టి ఉంటుంది. 11 అంగుళాల పిచ్ ఉండి, ఇంజిన్ 5500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతూ, గేర్ నిష్పత్తి 2.08 అయితే (అంటే ఇంజిన్ 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు), నీళ్ళు ఏమాత్రం జారకపోతే గంటకు 44 కిలోమీటర్లు రావాలి. కొండ మీద బోటు 12, 14 కిలోమీటర్ల దగ్గర కొట్టుకుంటుంటే ప్రొపెల్లర్ మీద బరువు పడి ఇంజిన్ తన ఆర్‌పీఎం అందుకోలేదు. ఆర్‌పీఎం అందకపోతే స్టిక్కరు మీద రాసిన పవర్ రాదు. పవర్ రాకపోతే కొండ దాటదు. ముక్కు ఆకాశంలోకి, వెనక పెద్ద గుంట, చెవులు చిల్లులు పడే మోత, పెట్రోలు మంచినీళ్ళలా అయిపోతుంటుంది, వేగం చూస్తే 5 హెచ్‌పీతో వచ్చేదాని కంటే నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ, అంతే. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారు 200 దాకా పెరుగుతుంది. బొటాబొటీగా దాటలేకపోతున్న బోటును ఒక్కోసారి ఆ చిన్న మార్పే దాటిస్తుంది. వెనక పెట్టిన పెట్రోలు ట్యాంకును ముక్కు దగ్గరికి జరిపినా అంతే, వాలు తగ్గుతుంది.

కొండ కింద ఉండిపోతే చాలనుకునేవాళ్ళకు టన్ను బరువుకు 4 హెచ్‌పీ చాలా ఉదారమైన లెక్క. మన అర టన్ను బోటుకు 2 చాలు, ఎదురుగాలి, ప్రవాహం ఉంటాయి కాబట్టి 5 పెట్టుకుంటే నిశ్చింత. దాటాలనుకునేవాళ్ళకు ఒక్కో హెచ్‌పీకి 20 కిలోలు మించకుండా చూసుకోవడం మంచిది, అంటే 500కి 25. ఒక్కరే ఎక్కితే మొత్తం 345 కిలోలే, 17 హెచ్‌పీ చాలు. నిన్న ఒక్కడే వెళ్ళినప్పుడు చక్కగా జారిన బోటు ఈరోజు ఇద్దరు స్నేహితులు ఎక్కేసరికి మొరాయిస్తే మోటారు పాడైందని మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు, ఇంకా ఘోరంగా, ఎవరో ఒక స్నేహితుడిది నష్టజాతకం అనేవాళ్ళు కూడా ఉంటారు. ఇందులో ఎవరి జాతకమూ లేదు, 150 కిలోలున్నాయి.

దాటాక మాత్రం ఆశ తగ్గించుకోవాలి. అక్కడ వేగం, హెచ్‌పీని బరువుతో భాగించి వర్గమూలం తీసినట్టు పెరుగుతుంది. బరువు మారకుండా 20 నుంచి 25కి వెళ్తే పవర్ 25 శాతం పెరిగినా వేగం 12 శాతమే పెరుగుతుంది.

పాత బోటు అనగానే నాకు మొదట అనుమానం వచ్చేది దాని బరువు మీదే. బోటు లోపలి నేల కింద, అది తేలడానికి నింపిన ఫోమ్ ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చుకుంటుంది. 100 లీటర్ల ఫోమ్ పొడిగా ఉంటే మూడు కిలోలకు కాస్త ఎక్కువ, అందులో సగం నీళ్ళు చేరితే ఇంకో 50 కిలోలు. కంటికి కనిపించని నాలుగో ప్రయాణికుడిలో మూడింట రెండు వంతులు! రెండో అనుమానం ట్రాన్సమ్, అంటే మోటారు బిగించే వెనక పలక. పాత ఫైబర్ బోట్లలో చాలావాటికి లోపల ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు కన్నాల గుండా నీళ్ళు దిగి అది కుళ్ళుతుంది. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టండి: గట్టి చెక్క 'టక్' మంటుంది, కుళ్ళింది 'దబ్' మంటుంది. ప్రొపెల్లర్ నెట్టుడు పలక పైఅంచుకు అర మీటరు కింద పనిచేస్తుంది, బిగింపు మాత్రం ఓ జానెడు ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి ఆ నెట్టుడు గునపం పెట్టి పెకిలించినట్టు రెండు మూడు రెట్లై పలక మీద పడుతుంది. 'పెద్ద మోటారు పెట్టుకుని సగం యాక్సిలరేటర్‌తో నడిపితే మంచిది' అనే నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. మెల్లగా నడిపినా దాని బరువు తగ్గదు. పైగా ఆ బోట్లు తేలికైన టూ-స్ట్రోక్ కాలం నాటివి, అదే హెచ్‌పీ ఫోర్-స్ట్రోక్ ఎక్కువ బరువుండి వెనక భాగాన్ని ముంచుతుంది, అంటే వాలు బయల్దేరక ముందే మొదలైపోతుంది.

హెచ్‌పీ అంకె కూడా అన్ని కాలాల్లో ఒకటి కాదు. 1980ల మధ్య దాకా చాలా కంపెనీలు ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ దగ్గర కొలిచి రాసేవి, తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర కొలవడం మొదలైంది. గేర్లలో, నీటి పంపులో పోయేది పోగా మిగిలిందే రెండోది. బోటు మీది పాత మోటారు అంకె చూసి కొత్తది కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

బోటు మీద కెపాసిటీ ప్లేటు, అంటే ఎంత బరువు, ఎంత మోటారు పెట్టొచ్చో రాసిన రేకు, ఉంటే దాన్ని మించకండి. లేకపోతే అమెరికా కోస్ట్ గార్డ్ లెక్క ఒకటుంది, 20 అడుగుల లోపు బోట్లకు. పొడవును ట్రాన్సమ్ వెడల్పుతో అడుగుల్లో గుణించాలి. 14, 4 అయితే 56. స్టీరింగ్ చక్రం ఉండి ట్రాన్సమ్ కనీసం 20 అంగుళాల ఎత్తుంటే దాన్ని రెట్టింపు చేసి 90 తీసేస్తే 22, పై 5 గుణిజానికి సవరిస్తే 25 హెచ్‌పీ. చేతి పిడితో నడిపేదైతే 56ని 0.8తో గుణించి 25 తీసేస్తే 19.8, అంటే 20. చేతి పిడితోనే నడిపే బోటు అడుగుభాగం చదునుగా, అంచులు కోణంగా ఉంటే 56ని సగం చేసి 15 తీసేయాలి, అది 13, అంటే 15. ఒకే కొలతల బోటుకు మూడు అంకెలు రావడం చూస్తే, బలం ఎంతన్న దానితో పాటు దాన్ని ఏ చేయి ఎలా పట్టుకుంటుందన్నదీ లెక్కలోకి వస్తోందని తెలుస్తుంది.

అందుకని మా పాఠకుడికి నా జవాబు: ముందు బోటును ట్రైలర్‌తో సహా వేబ్రిడ్జి ఎక్కించండి, తర్వాత ట్రైలర్ ఒక్కదాన్నే తూచి ఆ బరువు తీసేయండి. 200 రావాల్సింది 260 వస్తే ఫోమ్ సంగతి చూడండి. పలక 'టక్' మని, చేతి పిడితోనే నడుపుతూ, ఎప్పుడూ ఇద్దరే వెళ్తారంటే 20 పెట్టుకోండి. ముగ్గురు తప్పదంటే చక్రం బిగించి 25. పలక 'దబ్' మంటే బాగు చేయించేదాకా మోటారు కొనకండి. నింపాదిగా చేపలు పడుతూ తిరగడానికైతే 5 చాలు, అలలు లెక్కపెట్టుకునే తీరికా ఉంటుంది.