మంచు చిరుత: కోనసీమలో నన్ను అడిగే ప్రశ్నలు

2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు నుంచి కడియం నర్సరీల దాకా చిరుత తిరిగినప్పటి నుంచి, సెలవుకు ఊరొస్తే చాలు, మావాళ్ల ప్రశ్నలన్నీ నా చిరుతల మీదే. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో మంచు చిరుతల కోసం కెమెరాలు పెట్టి, వచ్చిన ఫొటోలను పోల్చి చూడటం నా పని.

అపోహ: మంచు చిరుతంటే కడియం వచ్చిన చిరుత లాంటిదే, చలికి తెల్లబడింది.
కాదు. జన్యువుల లెక్కన మంచు చిరుత పెద్దపులికే దగ్గర చుట్టం. ఒంటి రంగు బూడిద. గాండ్రించడం చేతకాదు. కోరింగ మడ అడవులకు వస్తుందేమోనని భయమూ అక్కర్లేదు. అక్కడ ఉన్నది చేపలు పట్టే బావురుపిల్లి.

అపోహ: మనిషి కనిపిస్తే వదలదు.
మనిషిని చంపినట్లు నిర్ధారణ అయిన సంఘటన ఒక్కటీ లేదు. దాని ప్రధాన వేట భరల్ అనే నీలి గొర్రె, ఐబెక్స్ అనే కొండమేక. పశువుల సంగతి వేరు. పైకప్పు సరిగా లేని దొడ్డిలోకి దూకిందంటే, బెదిరిన మంద అటూ ఇటూ పరుగెడుతుంటే, ఒక్కదానితో ఆగదు. తెల్లారేసరికి మందలో సగం పోయిన కాపరికి పరిరక్షణ గురించి ఉపన్యాసం ఇవ్వడం నా దృష్టిలో మొరటుతనం. మనవైపు కోళ్లగూటికి వల కప్పినట్టే, దొడ్డి పైన ఇనుప వల బిగించి గట్టి తలుపు పెట్టిస్తే చిరుతా బతుకుతుంది, కాపరీ బతుకుతాడు.

అపోహ: పలచని గాలికి తగ్గట్టు దాని రక్తమే వేరు.
నమ్మబుద్ధేసే మాటే. కానీ 2015లో వచ్చిన పరిశోధనలో, ప్రాణవాయువును పట్టుకోవడంలో దాని హిమోగ్లోబిన్‌కు మైదానాల పిల్లిజాతులను మించిన ప్రత్యేకత ఏదీ కనిపించలేదు. పైకి తెలిసే ఏర్పాట్లు మాత్రం బోలెడు: చల్లగాలిని వెచ్చబరిచే వెడల్పాటి ముక్కు, మంచులో సులువుగా దిగబడని పాదాలు, మీటరుకు దగ్గరగా ఉండే తోక. పడుకుంటే ఆ తోకనే మొహానికి కప్పుకుంటుంది.

అపోహ: లెక్కలన్నీ గాలి కబుర్లు.
మన దేశపు తొలి లెక్కింపు ఫలితాలు 2024 జనవరిలో వచ్చాయి: 718. అందులో 477 లడఖ్‌లోనే. ఒంటి మీది మచ్చలు ఏ రెండు చిరుతలకూ ఒకేలా ఉండవు. చిక్కేమిటంటే, ఒకే చిరుతకు కుడి పక్క మచ్చలు వేరు, ఎడమ పక్కవి వేరు. చలికాలపు దట్టమైన బొచ్చులో అవి అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఒక్కదాన్నే రెండుగా పొరబడితే అంకె ఇట్టే ఉబ్బిపోతుంది. అందుకే ఒకరు పోల్చిన ఫొటోలను, ఆ ఫలితం చెప్పకుండా, ఇంకొకరి చేత మళ్లీ పోల్పిస్తాం. ఇద్దరి ఫలితమూ ఒకటి కాని ఫొటోను, ఎంత అందంగా వచ్చినా సరే, పక్కన పెట్టేస్తాం.