పంది గుండెతో పాటు వచ్చిన వైరస్

2022 జనవరిలో అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ డాక్టర్లు డేవిడ్ బెన్నెట్ అనే 57 ఏళ్ల రోగికి పంది గుండె అమర్చారు. మనిషి శరీరం దాన్ని పరాయిదని తిప్పికొట్టకుండా జన్యువుల్లో ముందే 10 మార్పులు చేశారు. కొన్ని వారాలు గుండె చక్కగా కొట్టుకుంది. రెండు నెలలకు ఆయన చనిపోయారు. ఆ గుండెలో పంది సైటోమెగాలోవైరస్ బయటపడింది. మరణానికి అదొక్కటే కారణమని చెప్పలేం. కానీ అసలు లోపలికి ఎలా వచ్చింది?

పందిని ముందే పరీక్షించారు. ముక్కులోంచి తీసిన స్వాబ్‌లో నెగటివ్ వచ్చింది. ఇది హెర్పిస్ కుటుంబపు వైరస్. ఒకసారి ఒంట్లో చేరితే కణజాలాల్లో నక్కి కూర్చుంటుంది, ముక్కులో దొరక్కపోవచ్చు. రక్తంలో యాంటీబాడీల కోసం వెతికితే జాడ తెలిసే అవకాశం ఎక్కువ. ఈ వైరస్ ఉన్న పంది అవయవాలు బబూన్ కోతుల్లో తొందరగా పాడైపోతాయని అప్పటికే తెలుసు. అందుకే ఈ సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

అంతకుముందు చాలాకాలం పంది అవయవాల విషయంలో అందరి టెన్షన్ పెర్వ్ అనే రెట్రోవైరస్ (తన జన్యువులను కణాల డీఎన్ఏలో కలిపేసే రకం వైరస్) గురించే. అది బయటి నుంచి సోకేది కాదు, పంది డీఎన్ఏలోనే తరతరాలుగా ఉంది. కాబట్టి పందిని ఎంత శుభ్రంగా పెంచినా పోదు. ల్యాబ్‌లో అది మనిషి కణాలకు సోకగలదని 1997లో రాబిన్ వైస్ బృందం చూపించింది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే రోగిలో అలా జరిగితే, వైరస్ మనిషికి అలవాటుపడి ఇతరులకూ పాకవచ్చన్నదే భయం. పంది కణజాలంతో చికిత్స పొందిన 160 మందిని పరీక్షించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఎవరికీ అది సోకిన ఆధారం దొరకలేదు. అయినా 2024లో బోస్టన్‌లో ఒక రోగికి పెట్టిన పంది కిడ్నీలో 59 చోట్ల పెర్వ్ జన్యువులను క్రిస్పర్ అనే జన్యువులను కత్తిరించే పద్ధతితో పనిచేయకుండా చేశారు.

సైటోమెగాలోవైరస్‌కు అంత హంగామా అక్కర్లేదు. పంది పిల్లలను తల్లి నుంచి తొందరగా వేరుచేసి పెంచితే ఆ వైరస్ లేని పందుల మందను తయారు చేసుకోవచ్చు. ఆ మందను స్వాబ్‌తో సరిపెట్టకుండా యాంటీబాడీ పరీక్షతోనూ పదే పదే చూడాలి. రోగిని జీవితాంతం గమనిస్తూ ఉండాలి. ఆయన, ఆయనతో సన్నిహితంగా మెలిగేవాళ్లు రక్తదానం చేయకూడదని అమెరికా నిబంధనలు చెప్పడానికి కారణం కూడా ఇదే: ఈ రిస్కు ఒక్క రోగిది మాత్రమే కాదు.