నెట్ ఉంటేనే నెలకి డబ్బులు: ఎచ్చెర్ల పీహెచ్‌డీల వెనక కథ

శ్రీకాకుళం వైపు ఎవరైనా పీహెచ్‌డీలో చేరాను అంటే టాపిక్ ఏంటని తర్వాత అడుగుతారు, ముందు మాత్రం "జేఆర్‌ఎఫ్ ఉందా?" అనే అడుగుతారు, అంటే నెట్ అనే జాతీయ పరీక్ష కొడితే పరిశోధనకి నెలనెలా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉందా అని. ఉందంటే ఆ మర్యాదే వేరు, లేదంటే "మరి ఖర్చులెలాగ బాబూ" అంటారు. ఇదేదో మనోళ్ళ పిచ్చి ప్రశ్న అనుకోకండి, దీని వెనక నలభై ఏళ్ళ లెక్క ఉంది, ఇంకా తవ్వితే వందేళ్ళ పైమాటే.

డబ్బున్నోళ్ళు పెడితేనే పరిశోధన జరిగే రోజులు ఈ ప్రాంతం బాగానే చూసింది. విజయనగరం సంస్థానంలో మహారాజు ఆనందగజపతి గురజాడని శాసన పరిశోధకుడిగా పెట్టుకున్నారు, 1890-92లో మాక్స్‌ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణ వేస్తే దాని ఖర్చూ ఆయనే భరించారు, అంటే మన రైతుల శిస్తు వెళ్ళి ఇంగ్లండులో సంస్కృతం అచ్చేయించింది అన్నమాట. అదే కాలంలో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో టీచర్ ఉద్యోగం చేసుకుంటూ సవర అనే గిరిజన భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి బడులు కూడా సొంత డబ్బులతోనే నడిపారు. ఆయన రాసిన సవర పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది 1931లో, అప్పటికి ఆయనకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే పక్కా నాన్-నెట్ స్కాలర్, అంటే నెట్ కొట్టకుండా పరిశోధన చేసే మనిషి.

యూనివర్సిటీ సంగతికొస్తే, 1977లో ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళు శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో పీజీ సెంటర్ పెట్టారు, అదే 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ యూనివర్సిటీ అయ్యింది. అటు విజయనగరంలో 2007లో వచ్చిన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2022లో జేఎన్‌టీయూ గురజాడగా మారింది. బోర్డులు మారాయి, సంతోషమే, కానీ ఈ రెండూ స్టేట్ యూనివర్సిటీలు, అసలు చిక్కంతా ఆ స్టేట్ అన్న ముక్క దగ్గరే ఉంది.

ఎందుకంటే ఫెలోషిప్ డబ్బులు ఎప్పుడూ ఢిల్లీ నుంచే వస్తాయి. యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ 1984లో జేఆర్‌ఎఫ్‌కి దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టింది, తర్వాత దాన్నే నెట్‌లో కలిపారు. అది కొట్టినోళ్ళకి ఏ యూనివర్సిటీలో ఉన్నా డబ్బులొస్తాయి, 2014 డిసెంబర్ నుంచి నెలకి 25 వేలు, 2019లో 31 వేలు, 2023 జనవరి నుంచి 37 వేలు, రెండేళ్ళయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె), కంటింజెన్సీ (పుస్తకాల్లాంటి ఖర్చులు) వేరే. కొట్టలేనోళ్ళ కోసం 2006లో నాన్-నెట్ ఫెలోషిప్ తెచ్చారు, అది పీహెచ్‌డీకి 5 వేలతో మొదలై 8 వేల దగ్గర ఆగిపోయింది, అయితే అది సెంట్రల్ యూనివర్సిటీల వాళ్ళకే. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలు మూడూ హైదరాబాద్‌లోనే, 2014లో రాష్ట్రం విడిపోయాక మన వైపు ఒక్కటీ మిగల్లేదు, 2018లో అనంతపురంలోనూ 2019లో విజయనగరంలో గిరిజన యూనివర్సిటీ రూపంలోనూ వచ్చేదాకా అదే పరిస్థితి. 2015 అక్టోబర్‌లో ఆ 8 వేలు కూడా ఎత్తేస్తామని యూజీసీ అంటే ఢిల్లీలో పిల్లలు ఆఫీసు ముందే పడుకుని గొడవ చేశారు, స్టేట్ యూనివర్సిటీలకి కూడా ఇవ్వాలని అప్పుడే అడిగారు. ఎత్తెయ్యడం ఆగింది, మనదాకా రావడం మాత్రం జరగలేదు.

అందుకే విజయనగరంలో గిరిజన యూనివర్సిటీ నడిచే కొండకరకం క్యాంపస్‌కీ ఎచ్చెర్లకీ మధ్య దూరం గట్టిగా రెండు గంటలు లేకపోయినా రూల్స్ మాత్రం వేరే వేరే.

2005-06లో ఎస్సీ, ఎస్టీ స్కాలర్లకి రాజీవ్ గాంధీ ఫెలోషిప్ వచ్చింది, మన ప్రాంతానికి అది నిజంగా పెద్ద ఊరట, ఎందుకంటే అప్పట్లో నెట్ అక్కర్లేదు, సెలక్షన్‌కి పీజీ మార్కులు చూసేవాళ్ళు. తర్వాత ఎస్సీ, ఓబీసీ ఫెలోషిప్పులని నెట్ మెరిట్‌కే కట్టేశారు, ఎస్టీలకి ఏడాదికి 750 మాత్రం మార్కుల మీదే ఇస్తున్నారు. సీతంపేట కొండల నుంచి వచ్చే సవర, జాతాపు గిరిజన పిల్లలకి ఇప్పటికీ ఉన్న పెద్ద దారి అదే అనొచ్చు. మైనారిటీలకి 2009లో వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని 2022లో ఆపేశారు.

మరి నెట్ ఎందుకు కొట్టలేరు అని తేలిగ్గా అనేస్తారు గానీ, భాషల సబ్జెక్టులు తప్పిస్తే ఆ పేపర్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, నోట్సు తెలుగులో రాసుకుని, పరీక్ష హాల్లో కంప్యూటర్ మీద ఇంగ్లీషు పేరాలు గబగబా చదవాలంటే ఎలా ఉంటుందో కూర్చున్నోళ్ళకే తెలుసు, హిందీ రాష్ట్రాల వాళ్ళకి ఆ బాధ లేదు కదా, నాకు ఇది న్యాయంగా అనిపించదు. 2024 నుంచి ఇంకో కొత్త ముచ్చట, నెట్‌లో మూడో కేటగిరీ పెట్టారు, పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే అర్హత. అంటే సీటుకి పనికొస్తావు, డబ్బుకి పనికిరావు.

ఫెలోషిప్ ఉన్నోళ్ళకీ అంతా సాఫీగా ఏం ఉండదు. జేఆర్‌ఎఫ్ డబ్బు పడాలంటే నెలనెలా యూనివర్సిటీ నుంచి పోర్టల్‌లో కన్ఫర్మ్ చెయ్యాలి, ఒకరు మేకర్ (వివరాలు ఎక్కించేవాళ్ళు), ఇంకొకరు చెకర్ (చూసి ఓకే చేసేవాళ్ళు), ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టినా ఆ నెల గోవిందా. గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ స్టాంపు, హెచ్‌ఆర్‌ఏ ఫారం, ఏ కాగితం తక్కువైనా మళ్ళీ మొదటికే. ఫెలోషిప్ లేనోళ్ళు పొద్దున్న ఏదో ప్రైవేటు కాలేజీలో క్లాసులు చెప్పి మధ్యాహ్నం బస్సెక్కి ఎచ్చెర్ల వస్తారు, థీసిస్ అలా ఏళ్ళకేళ్ళు సాగుతుంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ రూల్స్ ప్రకారం మామూలుగా ఆరేళ్ళ గడువు, రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్ళు, ఆడపిల్లలకీ దివ్యాంగులకీ ఆపైన మరో రెండేళ్ళు.

కొంత మంచి కూడా జరిగింది. 2022 రూల్స్‌లోనే జర్నల్ పేపర్ తప్పనిసరి అన్నది తీసేశారు, దాంతో డబ్బులు కట్టి దొంగ జర్నళ్ళలో వేయించుకునే ఖర్మ కొంత తప్పింది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద దాదాపు 13 వేల జర్నళ్ళు ప్రభుత్వ యూనివర్సిటీలకి తెరిచారు, ఇది స్టేట్ వాళ్ళకీ వర్తిస్తుంది, కాబట్టి లైబ్రరీలో లాగిన్ అడిగి తీసుకోండి, చాలామంది అడగట్లేదు.

గైడ్‌ల కొరత మాత్రం అలాగే ఉంది. పర్మనెంట్ ఫ్యాకల్టీనే గైడ్ చెయ్యాలి, ప్రొఫెసర్‌కి 8 మంది, అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4, అంతకు మించి కుదరదు. కాంట్రాక్టు, గెస్టు మాస్టార్లు ఎన్నేళ్ళు పాఠాలు చెప్పినా ఈ లెక్కలోకి రారు. రాష్ట్రంలో 2023 చివర్లో వేల పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, అది కోర్టు కేసుల్లో చిక్కుకుంది. కాబట్టి జేఆర్‌ఎఫ్ చేతిలో పట్టుకుని వచ్చిన పిల్ల కూడా, మన దగ్గర ఖాళీ ఉన్న గైడ్ దొరక్క, చివరికి వైజాగ్ బస్సెక్కాల్సి వస్తుంది.