జింకలకి గింజలు కాదు, మంచి గడ్డి కావాలి

హైదరాబాద్‌లో వనస్థలిపురం హరిణ వనస్థలిలో కృష్ణజింకలు, చిలుకూరు దగ్గర మృగవనిలో చుక్కల దుప్పులు, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో కూడా దుప్పులే, ఇంత సిటీ మధ్యలో ఇవి బతుకుతున్నాయంటే అది గడ్డి పుణ్యమే. ఎండాకాలంలో ఆ గడ్డి ఎండిపోగానే మనవాళ్ళు పాపం ఆకలితో ఉన్నాయని బ్రెడ్డు, బియ్యం పట్టుకెళ్ళి వేస్తుంటారు. దయచేసి వెయ్యకండి.

జింక కూడా ఆవులాగే నెమరేసే జంతువు. పొట్టలో మొదటి అరలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి, గడ్డిలో పీచుని పులియబెట్టి జింకకి శక్తినిచ్చేవి అవే. ఒక్కసారిగా గింజలో బ్రెడ్డో ఎక్కువ పడితే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగిపోయి, పొట్ట గోడ దెబ్బతిని ఒక్కోసారి ప్రాణమే పోతుంది. కొత్త మేతకి ఆ సూక్ష్మజీవులు అలవాటు పడడానికే రెండు మూడు వారాలు కావాలి.

అందుకే చెయ్యాల్సింది మేత మడులు, అంటే జింకలు మేయడానికే గడ్డి వేసిన చిన్న చెక్కలు, పెంచడం. అమెరికాలో ఇలాంటి మడుల్లో క్లోవర్ (ఒక మేత మొక్క), టర్నిప్ వేస్తారు, అవి చల్లటి వాతావరణం పంటలు. మనది గ్రానైట్ రాయి అరిగి ఏర్పడ్డ ఎర్రచెల్క, లోతు తక్కువ, నత్రజని ఇంకా తక్కువ, వానలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. దీనికి గరిక, అంజన్ గడ్డి, వాటి మధ్యలో స్టైలో బాగా కుదురుతాయి. స్టైలో పప్పుజాతి మొక్క, గాలిలో నత్రజనిని వేర్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా పట్టి ఇస్తుంది. మొక్క పీకి ఒక బుడిపెని గోటితో చిదిమి చూడండి, లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టే. దాని ఆకులో ప్రొటీన్, కాల్షియం బాగుంటాయి, మగ దుప్పి ఏటా కొమ్ములు రాల్చి మళ్ళీ పెంచుకుంటుంది కాబట్టి దానికి ఇవి చాలా అవసరం. జొన్న మాత్రం వద్దు, లేత జొన్నలో, నీళ్ళు లేక వాడిన జొన్నలో సైనైడ్ విషం తయారవుతుంది, రైతులు నాము అంటారే అదే.

విత్తడం కన్నా కాపాడుకోవడమే పెద్ద పని. వయ్యారిభామని పూత రాకముందే వేళ్ళతో సహా పీకాలి, ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది (చేతికి గ్లవ్స్ తప్పనిసరి, చర్మానికి ఎలర్జీ వస్తుంది). లాంటానా అనే కలుపు పొద అయితే గడ్డికి ఎండ తగలనివ్వదు, పైగా ఆకులు విషం. గడ్డి ముదిరి పూత కొచ్చాక ప్రొటీన్ పడిపోతుంది, కానీ గడ్డి పెరిగే మొగ్గ నేలకి దగ్గర్లో ఉంటుంది కాబట్టి కోస్తే తడి ఉన్నంతకాలం లేతగా మళ్ళీ వస్తుంది. అలాగని మొత్తం ఒకేసారి కొయ్యకూడదు, పట్టీలు పట్టీలుగా కోస్తూ మధ్యలో ఎత్తు గడ్డి వదలాలి, అప్పుడే పుట్టిన పిల్లల్ని తల్లులు అందులోనే దాస్తాయి, కౌజు పిట్టలకీ అదే ఆసరా. మడి రోడ్డుకి దూరంగా ఉండాలి, వీధికుక్కలు తిరిగే వైపు అసలే వద్దు.

మడి పని చేస్తోందో లేదో తెలియాలంటే మధ్యలో మీటరు వెడల్పు వైరు మెష్ గూడు ఒకటి బిగించండి. కొన్ని వారాల తర్వాత లోపల గడ్డి, బయట గడ్డి ఒకే ఎత్తులో ఉంటే అక్కడికి జింకలు రావట్లేదని అర్థం, బయట మొదళ్ళే మిగిలితే మడి చాలట్లేదు, దానికి రెస్ట్ ఇచ్చి పక్కన ఇంకోటి వెయ్యాలి.