ఏ అణువు ఎక్కడ ఉంది?

కణితిలో ఒక మందు ఎంత చేరిందో కొలవడానికి పాత పద్ధతి మోటైనదే: ముక్కను మెత్తగా నూరి, ద్రావణంలో కలిపి, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రానికి ఎక్కించడం. లెక్క కచ్చితంగానే వస్తుంది. కానీ ఆ మందు కణితి నడిబొడ్డుకు చేరిందా, అంచునే ఆగిపోయిందా అన్న సంగతి నూరడంతోనే చెరిగిపోతుంది. వైద్యుడికి కావలసింది సరిగ్గా అదే.

నూరకుండా, ఉన్నచోటనే అణువులను తూచి పటం గీయవచ్చని రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ కాప్రియోలి బృందం 1997లో చూపింది. దీన్నే మాల్డి ఇమేజింగ్ అంటారు. గడ్డకట్టించిన కణజాలాన్ని దాదాపు 10 మైక్రోమీటర్ల మందాన, అంటే తలవెంట్రుక కన్నా ఎంతో పలుచగా కోసి పలకపై పరుస్తారు. దానిపై మాట్రిక్స్ అనే పదార్థాన్ని పిచికారీ చేస్తే, అది కణజాలంలోని అణువులను తనలో కలుపుకొని సన్నని స్ఫటికాలుగా ఆరుతుంది. అతినీలలోహిత లేజర్ తగలగానే దాని శక్తిని మాట్రిక్స్ పీల్చుకొని ఎగసిపోతుంది. పోతూపోతూ అణువులను చెదరకుండా వెంట తీసుకుపోతుంది. విద్యుదావేశం పొందిన ఆ అణువులను విద్యుత్ క్షేత్రం ఒక గొట్టంలోకి తోస్తుంది. ఆవేశం సమానమైతే తేలికవి ముందు చేరతాయి, బరువైనవి వెనకబడతాయి. ఆ కాలమే వాటి బరువు చెబుతుంది.

లేజర్ 50 మైక్రోమీటర్ల చొప్పున జరుగుతూ పోతే, 5 మిల్లీమీటర్ల చదరంలో 10,000 చుక్కలు. ప్రతి చుక్కకూ ఒక వర్ణపటం, అంటే అక్కడి అణువుల బరువులు చూపే గీత; ఒక్కో బరువుకు ఒక్కో శిఖరం. అందులోంచి ఏదో ఒక బరువును ఎంచుకుంటే చాలు, అది ఎక్కడెక్కడ ఉందో చిత్రంగా తేలుతుంది. ముందుగా రంగు వేయనక్కరలేదు, దేనికోసం వెతుకుతున్నామో తెలియనక్కరలేదు. రేడియోధార్మిక గుర్తు తగిలించిన మందు విరిగిపోయినా గుర్తు మెరుస్తూనే ఉండి మోసం చేయగలదు; ఇక్కడ మందుది ఒక బరువు, దాని ముక్కది మరొకటి.

నన్నడిగితే, ఈ విద్యలో అసలు కిటుకు లేజర్‌లో లేదు, పిచికారీలో ఉంది. తడి ఎక్కువైతే అణువులు కరిగి పక్కకు పాకుతాయి; చిత్రం అందంగానే వస్తుంది, కాకపోతే అబద్ధం. మరీ పొడిగా చల్లితే అణువులు బయటికే రావు. కోసేటప్పుడు ముక్కను పట్టి ఉంచే జిగురు కొంచెం అంటినా దాని పాలిమర్ శిఖరాలే వర్ణపటమంతా నిండిపోతాయి. పైగా ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాల వంటి ఒకే బరువు కవలలను బరువొక్కటే విడదీయలేదు. మెరుపు ఎక్కువ ఉన్నచోట పదార్థం ఎక్కువ ఉందనీ కాదు. పక్కనున్న అణువులు దాని సంకేతాన్ని అణచివేయవచ్చు.

అందుకే లేజర్ పని ముగిశాక పలకను పారేయరు. మాట్రిక్స్‌ను ఆల్కహాల్‌తో కడిగి, అదే పొరకు ఊదా, గులాబీ రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడతారు. కణితి అంచును రోగనిర్ధారణ నిపుణుడు గీస్తే, ఆ గీతపై అణువుల పటాన్ని పరుస్తారు.