ఆడినవాళ్ళు లక్షల్లో, ఆధారం ఎక్కడ? ఆన్‌లైన్ ఆటల వికీ వ్యాసాల వెనుక కథ

విజయవాడ, గుంటూరుల్లో తెలుగు వికీపీడియాకి రాసే కుర్రాళ్ళు కొందరు రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట మీద వ్యాసం పెంచే పనిలో ఉన్నారు. ఇష్టంగా రాస్తున్నారు. ఏ లెవెల్‌కి వస్తే ఏ కత్తి పట్టుకోవచ్చు, ఏ గనిలో ఏ ఖనిజం దొరుకుతుంది, డ్రాగన్ మంటలోంచి ఎలా తప్పించుకోవాలి, అన్నీ ఓపిగ్గా వివరించారు. వ్యాసం పైన మాత్రం రెండు మూసలు, అంటే లోపం చూపే హెచ్చరిక పట్టీలు, పడ్డాయి. మూలాలు లేవని ఒకటి, వ్యాసం ఆట నేర్పే గైడ్‌లా ఉందని రెండోది. దాంతో చర్చ పేజీ వేడెక్కింది. లక్షల మంది ఆడిన ఆటకి మళ్ళీ రుజువు ఏంటని కుర్రాళ్ళు అడుగుతున్నారు. రుజువు లేని పేరాని ఉంచలేమని పాత వికీపీడియన్లు అంటున్నారు.

ఈ తగువు ఇక్కడ మొదలైంది కాదు. ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు వికీపీడియాలో నలిగి నలిగి మన దాకా వచ్చింది. అక్కడ ఏం జరిగిందో తెలిస్తే మూస పెట్టినవాళ్ళ మీద కోపం తగ్గుతుంది, వ్యాసం ఎటు పెంచాలో కూడా తెలుస్తుంది.

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. తొలి ఏళ్ళలో ఎవరికి తెలిసింది వాళ్ళు రాసేశారు. మూలాలు ఇమ్మని గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ. 2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ గురించిన పేజీలో, ఆయనకి కెనడీ హత్యతో సంబంధం ఉందన్నట్టు ఎవరో అబద్ధం రాశారు. అది నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఆయన ఆ సంగతి పత్రికలో రాశాక వికీపీడియా పరువు పోయినంత పనైంది. అజ్ఞాతంగా వచ్చేవాళ్ళు ఇంగ్లీషులో కొత్త పేజీలు సృష్టించే వీలు ఆ డిసెంబరులోనే తీసేశారు. మూలాల పట్టింపు, విషయ ప్రాముఖ్యత కొలతలు అప్పటి నుంచి బిగిశాయి. ఒక విషయం గురించి దానితో సంబంధం లేనివాళ్ళు, నమ్మదగిన చోట, కాస్త వివరంగా రాసి ఉండాలి. అలా రాసింది ఉంటేనే వ్యాసం. వికీపీడియా వాడుక పుస్తకం కాదు, ఆట గైడ్ కాదు అన్న నియమం కూడా గట్టిపడింది.

ఆధారం అడగడం మన జిల్లాకి కొత్తేమీ కాదని ఇక్కడే చెప్పుకోవాలి. పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టినవాడు. శాసనాలు వెతికి చరిత్ర రాసిన మనిషి. 1923లో ఆయన పోయేనాటికి వచ్చినవి మూడు సంపుటాలే. వేగం కోసం ఆయన పద్ధతి వదులుకోలేదు. మూలం అడిగితే చిన్నబుచ్చుకునే కుర్రాళ్ళకి ముందు ఆయన గురించి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇక ఆటల సంగతి. పదిమంది ఒకేసారి ఒకే కల్పిత లోకంలోకి వెళ్ళి పాత్రలుగా తిరిగే తొలి ఆటల్లో ఒకటి 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు రాసిన ఆ ఆట పేరు మడ్. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. 'ఉత్తరానికి వెళ్ళు' అని టైప్ చేస్తే తెర మీద ఇంకో గది వర్ణన వచ్చేది. ఆ దారిలో వందల ఆటలు వచ్చాయి. తర్వాత బొమ్మలతో 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1998లో కొరియాలో లీనియేజ్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి.

బొమ్మలున్న పెద్ద ఆటల గురించి పత్రికలు రాశాయి. అక్షరాల ఆటల గురించి రాసినవాళ్ళు తక్కువ. వాటి చరిత్రంతా ఆడేవాళ్ళ సొంత సైట్లలో, ఈమెయిల్ చర్చల్లో, మూతపడిన సర్వర్లలో ఉండిపోయింది. ఈ తేడా 2009 జనవరిలో బయటపడింది. 1996 నుంచి నడుస్తున్న త్రెషోల్డ్ అనే అక్షరాల ఆట మీద ఉన్న వ్యాసానికి సరైన మూలాలు లేవని ఇంగ్లీషు వికీపీడియా తొలగించింది. పెద్ద దుమారం రేగింది. బార్టిల్ స్వయంగా ఆ చర్చలోకి వచ్చాడు. అల్టిమా ఆన్‌లైన్ రూపకర్తల్లో ముఖ్యుడైన రాఫ్ కోస్టర్ కూడా గట్టిగానే స్పందించాడు. ఆ ఆటల గురించి రాసిన చోట్లు నెట్‌లోంచే మాయమైపోతే మూలం ఎక్కడి నుంచి తేవాలి అన్నది ఆ వాదనల సారం. అటువైపు వాళ్ళ జవాబూ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆటగాళ్ళు తమ ఆట గొప్పదని చెప్పుకుంటే సరిపోతుందంటే, ప్రతి కంపెనీ, ప్రతి అభిమాన సంఘం అదే చెబుతుంది. గొడవ చల్లారాక ఆ ఆట మీద వ్యాసం మళ్ళీ వచ్చింది. ఈసారి దొరికిన ప్రతి మూలాన్ని వెతికి పట్టుకుని మరీ కట్టారు.

మన దగ్గర ఈ చిక్కు రెండింతలు. 2000ల దశకంలో గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ, బెజవాడ గవర్నర్‌పేట సందుల్లోనూ నెట్ సెంటర్లు కిటకిటలాడేవి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఫలితాలు చూసుకోవడానికి వచ్చినవాళ్ళ పక్కనే ఆటలాడే కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. రూన్‌స్కేప్ బ్రౌజర్‌లోనే నడిచేది, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పాత కంప్యూటర్ అయినా చాలు. గంటల లెక్కన డబ్బు కట్టేవాడికి అంతకంటే ఏం కావాలి? కొరియా ఆట రాగ్నరోక్ అయితే కొంతకాలం మన దేశానికి విడిగా సర్వర్లు పెట్టుకుని నడిచి మూతపడింది. ఇంత జరిగినా తెలుగు పత్రికల్లో ఈ ఆటల గురించి నిలబడి రాసినవాళ్ళు అరుదు.

తెలుగు పత్రికలో 'ఆన్‌లైన్ గేమ్' అన్న మాట ఎప్పుడు కనిపిస్తుందో చూడండి. రమ్మీలో డబ్బు పోగొట్టుకుని ప్రాణం తీసుకున్న యువకుడి వార్తలో, 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం రమ్మీ, పోకర్‌లని నిషేధించిన వార్తలో, అదే నెలలో కేంద్రం పబ్‌జీని ఆపిన వార్తలో, 2025 ఆగస్టులో డబ్బు పందేల ఆటలపై పార్లమెంటు చేసిన చట్టం వార్తలో. అవి రాయాల్సిన వార్తలే, అందులో తప్పు లేదు. కానీ పందెం ఆటకీ పాత్రల ఆటకీ తేడా చెప్పే ఒక్క పేరా కూడా వాటిలో ఉండదు. తెలుగు మూలాలనే నమ్ముకుని ఎవరైనా ఆన్‌లైన్ ఆటల మీద వ్యాసం రాస్తే అది నేర వార్తల సంకలనం అవుతుంది.

ఇంకో అడ్డంకి ఫాంట్లది. అన్ని భాషల అక్షరాలకీ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ స్థిరపడక ముందు తెలుగు దినపత్రికల సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటుతో నడిచేవి. ఆ పేజీలు కంటికి తెలుగు, వెతికే యంత్రానికి అర్థంలేని గుర్తుల వరస. ఆ ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చడానికి పద్మ అనే ఉపకరణం చేసిన వెన్న నాగార్జునే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి పునాది వేశాడు. ఆయన పనితో చాలా తెలుగు బయటపడింది. అయినా నెట్ సెంటర్ల కాలంలో ఏ జిల్లా అనుబంధంలోనైనా ఆటల గురించి ఓ మంచి వ్యాసం వచ్చి ఉంటే, ఈరోజు దాన్ని గూగుల్‌లో వెతికి పట్టుకోవడం చాలా కష్టం. పాత పత్రికల కట్టలు తిరగేయడమే దారి.

పాత వికీపీడియన్లకి అనువాద వ్యాసాలంటే ఎందుకంత టెన్షనో కూడా తెలియాలి. 2009 నుంచి 2011 వరకు గూగుల్ తన అనువాద పనిముట్టుతో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకులతో భారతీయ భాషల వికీపీడియాల్లో వ్యాసాలు చేర్పించింది. తెలుగులో అలా దాదాపు రెండు వేలు వచ్చిపడ్డాయి. పొడుగు వ్యాసాలే, కానీ వాక్యాలు చదివితే కర్త ఎవరో క్రియ ఏదో తేలదు. ఎక్కించి వెళ్ళిపోయినవాళ్ళు వాటిని సరిదిద్దడానికి తిరిగి రాలేదు. ఆ బరువు పదిమంది స్వచ్ఛంద రచయితల మీద పడింది. చివరికి బాగుపడనివాటిని చర్చించి తీసేయాల్సి వచ్చింది. ఇంగ్లీషు ఆట వ్యాసాన్ని యంత్రంతో తిప్పి పెడదామని ఎవరైనా అంటే వాళ్ళ ముఖం మారడానికి కారణం అదే. ఆ భయం న్యాయమైనది.

అలాగని పాతవాళ్ళు కొత్తవాళ్ళని దూరం పెట్టేవాళ్ళు కాదు. తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవం 2014 ఫిబ్రవరిలో విజయవాడ కేబీఎన్ కళాశాలలోనే జరిగింది. ఆంధ్ర లయోలా కళాశాలలో విద్యార్థులకి వికీ శిక్షణ సాగింది. ఈ ప్రాంతంలో చాలామంది మొదటి దిద్దుబాటు చేసింది అలాంటి చోటే.

మరి రూన్‌స్కేప్ వ్యాసాన్ని ఎలా పెంచాలి? నా మాట ఒక్కటే. దాన్ని ఒక ఊరి చరిత్రలా రాయాలి. ఆ ఊరిని ఎవరు కట్టారు, ఎవరు ఏలారు, జనం ఎప్పుడు తిరగబడ్డారు, బయటి లోకం ఎప్పుడు జోక్యం చేసుకుంది? ఆ ప్రశ్నలకి నమ్మదగిన మూలాలు దొరుకుతాయి. తెలుగు వ్యాసానికి తెలుగు మూలమే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు, ఇంగ్లీషు పత్రికలు, పుస్తకాలు చెల్లుతాయి. ఈ సంగతి తెలియక చేతులెత్తేసినవాళ్ళని చూశాను.

ఆండ్రూ గోవర్ తన సోదరుడితో కలిసి చేసిన ఈ ఆట 2001 జనవరి 4న బయటికి వచ్చింది. అదే ఏడాది చివర్లో కేంబ్రిడ్జ్‌లో జాగెక్స్ కంపెనీ ఏర్పడింది. 2002 ఫిబ్రవరిలో డబ్బు కట్టే సభ్యత్వం పెట్టారు, ఉచితంగా ఆడే వీలూ ఉంచారు. 2004లో ఆటంతా తిరగరాశారు. అసలు కథ 2007 డిసెంబరు, 2008 జనవరిల్లో ఉంది. ఆటలోని బంగారాన్ని బయట నిజమైన డబ్బుకి అమ్మే వ్యాపారం పెరిగింది. దొంగిలించిన క్రెడిట్ కార్డులతో సభ్యత్వాలు కొనడంతో కంపెనీకే ముప్పు వచ్చింది. దాంతో ఆటగాళ్ళు ఒకరికొకరు స్వేచ్ఛగా వస్తువులు ఇచ్చుకోవడాన్ని జాగెక్స్ కట్టడి చేసింది, ఆటలో వైల్డర్‌నెస్ అనే ప్రాంతంలో ఒకరినొకరు చంపుకునే పద్ధతి ఎత్తేసింది. ఆట లోపలే జనం గుంపులుగా నిరసన తెలిపారు. 2011 ఫిబ్రవరిలో, ఆటగాళ్ళ ఓటింగ్ తర్వాత, రెండూ తిరిగి వచ్చాయి.

2012 చివర్లో పోరాట పద్ధతి మార్చేసరికి మళ్ళీ జనం దూరమయ్యారు. 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి కంపెనీ దగ్గర ఉంది. దాంతో 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో పాత ఆటని వేరే సర్వర్ల మీద తెరిచారు. అందులో ముఖ్యమైన మార్పు ఏదైనా ముందు ఆటగాళ్ళ ఓటుకి పెట్టాలి. మొదట్లో నూటికి 75 మంది ఒప్పుకుంటేనే అమలు. కంపెనీ తన ఆటని ఇలా జనం ఓటుకి కట్టేసుకోవడం అరుదు. ఇది వ్యాసంలో ఒక విభాగానికి సరిపడే విషయం.

అన్నిటికంటే గట్టి ఆధారం ఆటల పత్రికల్లోది కాదు, నెదర్లాండ్స్ సుప్రీంకోర్టుది. 2007లో అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు ఇంకో పిల్లాణ్ణి కొట్టి, కత్తితో బెదిరించి, రూన్‌స్కేప్‌లో అతని దగ్గరున్న తాయెత్తు, ముసుగు తమ ఖాతాకి మార్పించుకున్నారు. అవి నిజమైన వస్తువులు కావు కాబట్టి దొంగతనం కాదని వాదన. ఆ పిల్లాడు వాటికోసం సమయం, శ్రమ పెట్టాడు, వాటికి విలువ ఉంది, కాబట్టి అది దొంగతనమేనని 2012 జనవరి 31న కోర్టు తేల్చింది. కుర్రాళ్ళ చిత్తుప్రతిలో ఈ కేసు లేదు. డ్రాగన్ గురించి మాత్రం రెండు పేరాలు ఉన్నాయి.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 2005 సెప్టెంబరులో ఆ ఆటలో ఒక రాక్షసుడు తనతో పోరాడేవాళ్ళకి అంటించే రక్తశాపం, ఒకరి నుంచి ఒకరికి సోకే రోగంలా, ఆ యుద్ధ స్థలం దాటి ఆటలోని ఊళ్ళలోకి పాకింది. ఎముకల గుట్టలు మిగిలాయి. రోగాల వ్యాప్తిని అధ్యయనం చేసే శాస్త్రవేత్తలు దాన్ని తీసుకుని 2007లో వైద్య పత్రికల్లో వ్యాసాలు ప్రచురించారు. వాటి దన్నుతో ఆ ఒక్క సంఘటన మీదే విడి వ్యాసం నిలబడింది.

గనులు, కత్తులు, డ్రాగన్ వివరాలకి చోటు లేకపోలేదు. రూన్‌స్కేప్‌కే విడిగా ఒక వికీ 2005 నుంచి ఉంది. 2018లో అది పాత నిర్వాహక సంస్థ నుంచి బయటికొచ్చి సొంత కాళ్ళ మీద నిలబడింది. ఎంత లోతైన వివరమైనా అక్కడ రాయొచ్చు. తెలుగు వ్యాసంలో ఆట తీరు మీద ఒక్క పేరా చాలు.

మిగిలింది మన ఊళ్ళ సంగతి. బెజవాడలో ఈ ఆటని ఎవరు ఎలా ఆడారో ఆడినవాళ్ళ నోటిమాట తప్ప ఆధారం లేదు. నోటిమాటని మూలంగా తీసుకోవచ్చా అన్న ప్రయత్నం 2011లో అచల్ ప్రభల అనే రచయిత చేశాడు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికా భాష సెపెడీల్లో, ఎక్కడా అచ్చుకాని విషయాలు తెలిసినవాళ్ళ మాటలు రికార్డు చేసి వికీ వ్యాసాలకి జతచేశారు. వాటిలో పల్లె ఆటలు కూడా ఉన్నాయి. ఎంతోమంది ఆడే ఆట, అచ్చులో మాత్రం ఒక్క ముక్క లేదు. సరిగ్గా మన చిక్కే. ఆ ప్రయోగం మీద ఎంతో చర్చ జరిగింది, నియమం మాత్రం మారలేదు. ఎవరు మాట్లాడారు, నిజమే చెప్పారా అన్నది సరిచూసే సంపాదకుడు ఒకడు మధ్యలో ఉండాలన్న పట్టు అలాగే ఉంది.

కాబట్టి నెట్ సెంటర్ల చరిత్ర నేరుగా వికీలోకి ఎక్కదు. ముందు ఏదో ఒక పత్రికలో రావాలి. వాటిని నడిపినవాళ్ళు చాలామంది ఇప్పటికీ ఈ రెండు ఊళ్ళలోనే జిరాక్స్ షాపులు, మొబైల్ షాపులు నడుపుకుంటున్నారు. వాళ్ళతో మాట్లాడి, పేర్లూ ఏళ్ళూ సరిచూసి, ఆదివారం అనుబంధానికి రాసే విలేఖరి ఎవరైనా ఉంటే ఈ కుర్రాళ్ళు వెంట తిరిగి సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నారు. ఈలోగా డచ్ కోర్టు తీర్పు, 2007-08 కట్టడి, 2013 ఓటింగ్, ఈ మూడు విభాగాలు రాసేస్తే వ్యాసం మీది మొదటి మూస తీసేయొచ్చు.