పొట్ట ఆపరేషన్ తర్వాత నొప్పి: అపోహలు – వాస్తవాలు

"కదలకుండా పడుకుంటే నొప్పేం లేదు డాక్టరుగారూ, అందుకే రాత్రి ఇంజెక్షన్ వద్దన్నాం." పెద్ద పొట్ట ఆపరేషన్ అయిన మర్నాడు రౌండ్స్‌లో తరచూ వినే మాట ఇది. మనిషి మీద ప్రేమతోనే అంటారు. కానీ వార్డులో ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

పడుకున్నప్పటి నొప్పితో మా లెక్క తేలదు. దగ్గించి చూడాలి. పొట్ట మధ్యలో నిలువునా కోత ఉన్న మనిషి కుట్లు లాగుతాయన్న భయంతో పైపైనే ఊపిరి తీస్తాడు, దగ్గు మింగేస్తాడు. ఊపిరితిత్తుల అడుగు భాగం విచ్చుకోదు, కఫం అక్కడే నిలుస్తుంది. తర్వాత ఆయాసం, జ్వరం, కొందరికి న్యుమోనియా. మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం దానికి తోడు. అందుకే పదికి ఎంత నొప్పి అని అడిగేటప్పుడు "దగ్గితే ఎంత?" అని అడగండి. నిండుగా ఊపిరి తీయలేక, దగ్గలేక పోతుంటే స్కోరు ఎంత చెప్పినా మందు చాలనట్టే.

మందు టైము ప్రకారం పడాలి. నొప్పి ముదిరాక మొదలెడితే దాన్ని అందుకోవడం కష్టం. 50 కిలోలు దాటిన పెద్దవాళ్లకు, లివర్ బాగుంటే, పారాసెటమాల్ ఆరు గంటలకోసారి ఒక గ్రాము. రోజుకు 4 గ్రాములు మించకూడదు. బరువు తక్కువైతే ఒక్కో డోసుకు కిలోకు 15 మిల్లీగ్రాములు. "జ్వరం లేదు కదా, ఎందుకిది?" అని వద్దనేస్తుంటారు. ఈ డోసులు క్రమం తప్పకుండా పడితేనే మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) అవసరం తగ్గేది. ఒక్క జాగ్రత్త: ట్రమడాల్‌తో (మార్ఫిన్ తరహా నొప్పి మందు) కలిపి వచ్చే మాత్రల్లో సాధారణంగా 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కూడా ఉంటుంది. దాన్నీ లెక్కలో వేయాలి.

"మార్ఫిన్ అలవాటైపోతుంది." ఆసుపత్రిలో నిఘా మధ్య నాలుగు రోజులు వాడితే ఆ ముప్పు చాలా తక్కువ. ఇంటికెళ్లాక మెడికల్ షాపులో అడిగి ట్రమడాల్ స్ట్రిప్పులు వారాల తరబడి వేసుకోవడం, అదీ భయపడాల్సింది. వార్డులో మేం కనిపెట్టేది మగతని. మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోతుంటే వెంటనే సిస్టర్‌ని పిలవండి. ఊపిరి మందగించే ముందు సాధారణంగా కనిపించేది అదే. రోగి చేతికిచ్చే పీసీఏ పంపు బటన్ పెద్దవాళ్లకు మామూలుగా నొక్కినప్పుడల్లా 1 మిల్లీగ్రాము మార్ఫిన్ ఇచ్చి, 5 నుంచి 10 నిమిషాలు తాళం వేసుకుంటుంది, ఆలోపు నొక్కినా మందు రాదు. మత్తు ఎక్కువైన మనిషి బటన్ నొక్కలేడు, దాని రక్షణంతా అక్కడే ఉంది. "పాపం, నిద్రలో మూలుగుతోంది" అని కూతురు నొక్కిందంటే ఆ రక్షణ పోయినట్టే.

"పెయిన్ కిల్లర్లన్నీ కిడ్నీలు తినేస్తాయి." అన్నీ కాదు. డైక్లోఫెనాక్ కుటుంబంతోనే జాగ్రత్త: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువున్నా, ఒంట్లో నీరు తగ్గినా, వయసు పైబడినా మేమే ఆపుతాం. వాడుతున్న బీపీ మాత్రల పేర్లు దాచకుండా చెప్పండి, చాలు.

"వెన్నులో ట్యూబు పెడితే జీవితాంతం నడుంనొప్పి." నొప్పి మందు ఎక్కించడానికి పెట్టే ఎపిడ్యూరల్ ట్యూబు గురించి అనే మాట ఇది. పెట్టిన చోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చు, అంతే. కాళ్లు పోనుపోను బరువెక్కితే మాత్రం ఉదయం దాకా ఆగొద్దు, అప్పుడే చెప్పండి. ఆ ట్యూబు మీరు అడిగిన గంటకే తీయకపోవడానికీ కారణం ఉంది: గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ మామూలు డోసు పడ్డాక 12 గంటలు ఆగి తీయాలి, తీశాక మళ్లీ డోసుకు కనీసం 4 గంటలు ఆగాలి.

"పప్పు తింటే కుట్లకు చీము పడుతుంది." పట్టదు. సర్జన్ తినమన్నాక పెట్టండి.

దగ్గేముందు చిన్న దిండు కోత మీద రెండు చేతులతో అదిమి పట్టించండి, మోకాళ్లు కాస్త ముడిపించండి. డోసు పడ్డ కాసేపటికి, మందు పని చేస్తున్న వేళలో కూర్చోబెట్టి నడిపించండి.

తగ్గుతూ వచ్చిన నొప్పి మూడో రోజో ఐదో రోజో ఉన్నట్టుండి పెరిగి, నాడి వేగం హెచ్చి, పొట్ట బిగుసుకుంటే ఇంకో ఇంజెక్షన్‌తో సరిపెట్టొద్దు. లోపల కుట్లు లీకయ్యాయేమో చూడాలి, సర్జన్‌ని పిలిపించండి.